కలుపుకుని తినే చెయ్యి

కొత్తపేట దగ్గర ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరిన కొత్తలో, నాకు పని వచ్చని గర్వం ఎక్కువ. గంటలో పదిమందికి మందులివ్వగలను, పక్కలు మార్చగలను, మొండికేసిన వాళ్ళని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలను.

అక్కడ ఐనవిల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు పెద్దాయన ఉండేవారు. కుడిచెయ్యి వణికేది. అన్నానికి గంట పట్టేది. ముందు పప్పు, తరవాత పులుసు, చివర మజ్జిగ. ఒక్కోదానికీ అన్నం వేరుగా జరుపుకుని, వేళ్ళతో మెత్తగా కలుపుకుని, ముద్ద చేసి తినేవారు. స్నానం మేమే చేయించేవాళ్ళం, బట్టలు మేమే వేసేవాళ్ళం. ఆయనకి మిగిలిన సొంత పని అదొక్కటే. సగం మెతుకులు ఒళ్ళో పడేవి, చీమలు పట్టేవి, ఆయా సణిగేది. నేనూ విసుక్కునేదాన్ని, అబద్ధమెందుకు.

ఒకరోజు పప్పూ పులుసూ మజ్జిగా అన్నీ ఒకే గిన్నెలో కలిపేసి చెంచాతో పెట్టేశాను. పది నిమిషాల్లో అయిపోయింది. ఒక్క మెతుకు కింద పడలేదు. మూతి తుడిచి, రిజిస్టరులో పూర్తిగా తిన్నారని రాసి, నా అంత బాగా చూసుకునేవాళ్ళు లేరనుకున్నాను. చూడ్డానికొచ్చిన కూతురు, నేనైనా ఇంత ఓపిగ్గా పెట్టలేనమ్మా అని నా చేతులు పట్టుకుంది. ఇంకేం, ఏనుగెక్కినంత సంబరం నాకు.

ఆనాటి నుంచీ ప్రతిపూటా అలాగే పెట్టేదాన్ని. ఆయన మాత్రం రోజూ మెల్లిగా అడిగేవారు.

“ఈ పూట నేను కలుపుకుంటానండి, సిస్టరుగారూ.”

“ఆయ్, రేపు కలుపుకుందురుగాని తాతగారూ. ఇప్పుడు నోరు తెరవండి.”

ఆ రేపు మూణ్ణెల్లయినా రాలేదు. ఆయన అడగడం ఎప్పుడు మానేశారో నేను గమనించనే లేదు. పైగా, దారికొచ్చారనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

ఓ మధ్యాహ్నం తోటి నర్సు రాక, అందరి పనీ నా మీద పడింది. పళ్ళెంలో అన్నీ వేరువేరుగా వడ్డించి ఆయన ముందు పెట్టి, ఈ పూట మీరే కలుపుకోండి, ఎంతసేపైనా పర్లేదు అన్నాను. నాకు తీరికలేక ఇచ్చినదాన్ని వరమిచ్చినట్టు ఇచ్చాను.

మిగతా గదులు చూసుకుని వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. పప్పు గట్టిపడింది. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో అలాగే ఉంది. కలుపుకోలేదేమండీ అని అడిగాను. ఆయన కాసేపు ఆ చేతివైపే చూసుకున్నారు. తరవాత నావైపు తిరిగి నోరు తెరిచారు.