ఎముకల ఆసుపత్రిలో వాలు అక్షరాలు

మందుల పెట్టెల మీద అచ్చయ్యే మాటల్ని ప్రెస్సులో పేర్చి పెట్టడం అతని ఉద్యోగం. తానొక గొప్ప అక్షరశిల్పినని మాత్రం అతని నమ్మకం. ఆ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం లోకం దురదృష్టమని చాలా ఏళ్లు జాలిపడ్డాడు.

ఐదేళ్లు కూర్చుని ఒకే ఒక ఫాంటు గీశాడు. బోల్డ్ ఇటాలిక్. బొద్దుగా ఉండి, కుడివైపుకు వాలి, ప్రతి గీత చివరా చిన్న పాదం తొడుక్కున్న అక్షరాలు. కుట్టుమిషను మీంచి తలెత్తి భార్య చూసింది.

"ఏమండీ, ఇవి నిలబడలేకపోతున్నాయా?"

"నిలబడ్డం కాదే, నడుస్తున్నాయి!" అన్నాడు, లేని మీసాన్ని మెలేస్తూ.

ఎముకల డాక్టరు ఒకాయన ఆ ఫాంటు కొన్నాడు. బోర్డుకూ, రోగులకిచ్చే కాగితాలకూ అదే వాడొచ్చా అని అడిగితే, "ఎక్కడ వాడినా అదిరిపోతుంది డాక్టరుగారూ" అని మనవాడు భరోసా ఇచ్చాడు.

బోర్డు పెట్టిన మర్నాడు భార్యనూ వదిననూ వెంటబెట్టుకుని చూపించడానికి వెళ్లాడు. బోర్డు ఎడమ కొస కిందికి, కుడి కొస పైకి ఉంది. అక్షరాలు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి.

"అన్నీ పక్కకి ఒరిగిపోయాయి సార్. బిగించడంలో తేడా అనుకుని, తిన్నగా అయ్యేదాకా తిప్పాను. గంట పట్టింది" అన్నాడు వాచ్‌మన్ గర్వంగా.

"పాపం, బాగానే నిలబెట్టాడు కదా మరిదిగారూ" అంది వదిన.

అతనికి ఒళ్లు మండింది. స్టూలు లాక్కుని ఎక్కాడు. బోర్డు కదల్లేదు, స్టూలు కదిలింది. మడమ కలుక్కుమంది.

డాక్టరు కట్టు కడుతూ, "బోర్డు చూసి వచ్చినవాళ్లున్నారు గానీ, బోర్డు మీంచి వచ్చింది మీరొక్కరే" అన్నాడు.

పక్క మంచం మీది తాతగారు ఓ కాగితం చాపాడు. "బాబూ, కాస్త చదివి పెట్టు. నాకు చీమల బారులా కనిపిస్తోంది."

అతను ఉత్సాహంగా అందుకున్నాడు. కాగితమంతా తన అక్షరాలే, ఆవగింజలంత. కంప్యూటర్ తెర మీద అరచేతంత చేసి మురిసిపోయినవాటిని ఇంత చిన్నగా అతనెప్పుడూ చూడలేదు. అక్షరాల కడుపుల్లోని ఖాళీలన్నీ సిరాతో పూడిపోయాయి. కాలు నేల మీద మోపకూడనిది 3 వారాలా, 8 వారాలా? గీసినవాడికే తెలియలేదు. నర్సును పిలిచాడు.

"ఎనిమిదండీ. రోజూ మాకిదే గొడవ. ఎవడు గీశాడో గానీ..."

"ఎవడో తెలివిమాలినవాడు" అన్నాడు అతను తడుముకోకుండా.

ఇంట్లో కాలు దిండు మీద పెట్టుకుని, అంకెల నోళ్లు వెడల్పు చేశాడు, అక్షరాల కడుపులు తెరిచాడు. డాక్టరుకు ఆ కాగితం మళ్లీ పేర్చి ఇచ్చాడు. అంతా మామూలు నిలువు అక్షరాల్లోనే. 'కాలు మోపకండి' అన్న ఒక్క ముక్క మాత్రం తన ఫాంటులో.

కట్టు విప్పించుకోవడానికి వెళ్లిన రోజు తాతగారు కొత్త కాగితం పట్టుకుని పైకి చదువుకుంటున్నాడు. ఆ మాట దగ్గరికి రాగానే ఆయన గొంతు దానంతటదే పెరిగింది. మనవాడి ఛాతీ ఉప్పొంగింది.

"అది గీసింది నేనేనండీ" అన్నాడు ఉండబట్టలేక.

తాతగారు కళ్లజోడు మీంచి ఎగాదిగా చూశాడు. "ఊరుకో నాయనా. మొన్న చదవడం చేతకాక నర్సుని పిలిచింది నువ్వే కదూ!"

అతను తల గోక్కుని, వరసలో వెళ్లి కూర్చున్నాడు.