నాన్న కాకినాడలో, తాతయ్య రాజమండ్రిలో

ఆ మేనేజరుని నేను ఐదేళ్లు తిట్టుకున్నాను. పళ్లు తోముకుంటూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అన్నం కలుపుకుంటూ. పోనీలే వదిలేయమని చెప్పినవాళ్లని కూడా కలిపి తిట్టుకున్నాను.

కాకినాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. చేపల వేటకి వెళ్లిన పడవలేవి, ఏ పడవలో ఎవరున్నారు, ఎవరు తిరిగొచ్చారు అన్న జాబితాని కంప్యూటర్లలో ఉంచేవాళ్లం. తుఫాను హెచ్చరిక వస్తే ఒడ్డునున్నవాళ్లకి ఆ జాబితాయే దిక్కు. అందుకే దాన్ని మూడు సర్వర్లలో మూడు కాపీలుగా పెట్టాం. మూడింట్లో రెండు బతికుంటే పని ఆగదు. కానీ మేనేజరు ఆ మూడు సర్వర్లనీ ఒకే ర్యాకులో, ఒకదాని మీద ఒకటి పెట్టించాడు.

"సార్, ఒకే ర్యాకు, ఒకే కరెంటు లైను. పోతే మూడూ పోతాయండి" అన్నాను.

మాది వేట కుటుంబం. నాన్న, బాబాయి ఎప్పుడూ ఒకే పడవ ఎక్కరు. తాతయ్య ఒడ్డునే ఉంటాడు. ఏ పడవకి ఏమైనా ఇంట్లో ఇద్దరు మగాళ్లు మిగలాలన్నది మా ఇంటి పద్ధతి. నా ప్లానులోనూ అదే గీశాను. ఒక కాపీ కాకినాడలో, ఒకటి తణుకులో, ఒకటి రాజమండ్రిలో. గుర్తుకోసం వాటికి నాన్న, బాబాయి, తాతయ్య అని పేర్లు రాశాను.

అది చూసి మేనేజరు అందరి ముందూ నవ్వాడు. "ఏంటమ్మా ఇది, డేటా సెంటరా, చేపల రేవా?" అని కాగితం సొరుగులో పడేశాడు.

తుఫాను హెచ్చరిక వచ్చిన ఒక మధ్యాహ్నం ఆ ర్యాకుకి కరెంటిచ్చే లైను కాలిపోయింది. మూడు సర్వర్లూ ఆగిపోయాయి. సముద్రంలో ఎవరున్నారో సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేకపోయారు. మా వీధి ఆడవాళ్లు రేవులో నిలబడి ఒక్కో పడవనీ కళ్లతో వెతుక్కున్నారు. అందరూ వచ్చారు, మా నాన్న అందరికంటే ఆఖర్న.

కాపీలన్నీ ఒకేచోట పెట్టింది నేనేనని మర్నాడు మేనేజరు రిపోర్టు రాశాడు. ఉద్యోగం పోయింది. ఇంకోటి దొరికింది. కానీ "మన పడవల జాబితా పోగొట్టింది మీ అమ్మాయే కదండీ" అని మా అమ్మని అడగడం మాత్రం వీధిలో ఎవరూ మానలేదు.

పోయినేడాది ఆ జాబితా పనిని మళ్లీ ఒక కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. వాళ్ల ప్లాను పరీక్షించే బాధ్యత నా కొత్త ఆఫీసుకి, అందులో నాకు పడింది. రాజమండ్రి ఆఫీసులో ఆ కంపెనీ తరఫున నా ఎదుట ప్లాను పట్టుకుని కూర్చున్నది ఆ పాత మేనేజరే. నాకు పండగలా అనిపించింది.

"కాకినాడ సెంటరు మొత్తం ఆపించండి" అన్నాను. ఆపారు. కుప్పకూలాలని కోరుకున్నాను. జాబితా చెక్కుచెదరలేదు. స్క్రీను మీద ఇంకా నడుస్తున్న రెండు కాపీల పేర్లు చూశాను. బాబాయి, తాతయ్య.

పేర్లు మార్చే ఓపిక కూడా లేకుండా నా ప్లానే ఎత్తుకొచ్చాడు.

"రాజమండ్రి కాపీకి తాతయ్య అని ఎందుకు పెట్టారండి?"

"అదా... ఏదో కోడ్ నేమ్ అండి."

"ఆయన వేటకి వెళ్లడు కాబట్టండి. ఆయన మా తాతయ్య."

ప్లాను బాగుంది, నాదే కదా, ఒప్పుకున్నాను. ఒక్కటే షరతు పెట్టాను. పాత రిపోర్టు అబద్ధమని మా రేవుకొచ్చి చదివి వినిపించాలి.

"అంత దూరం ఎందుకమ్మా, మెయిల్ పెడతాను."

"మా వీధిలో మెయిల్ చూసేవాళ్లు లేరండి."

ఆదివారం వచ్చాడు. బూట్ల నిండా ఇసుకతో నిలబడి చదివాడు. కాగితంలోకి తలొంచుకుని గొణిగాడు. "గట్టిగా చదవండి, వెనకున్నవాళ్లకి వినపడట్లేదు" అన్నాను. మొదటి నుంచి మళ్లీ చదివాడు. అమ్మ ముందు వరసలో నిలబడి అంతా వింది.

అయిపోయాక నాన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. "ఎండలో నిలబడ్డారు, కూర్చోండి బాబూ. అమ్మాయ్, ఆయనకి టీ పట్రా."

నాన్న మాట నేనెప్పుడూ కాదనలేదు. ఆ రోజు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.