మగ్గం ఎదుటి గోడ

నాయన నేసిన చీరను షావుకారు తిప్పి పంపాడు. అంచు అతికే చోట రెండు పోగులు తప్పాయట. నలభై ఏళ్ల నేతలో చీర తిరిగిరావడం అదే మొదటిసారి. "ఇగ మగ్గం దిగుతనంటుండు" అని అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పుడు నేను వనపర్తిలో బడిపంతులుని. నాలుగు రోజులు సెలవు పెట్టి గద్వాల బస్సెక్కాను.

నాకొక జబ్బుంది. కష్టం కనిపిస్తే చేతులు ఊరుకోవు, వెంటనే ఏదో ఒకటి చేసెయ్యాలి. మగ్గం గదిలో కాలు పెట్టగానే కారణం దొరికిందనుకున్నాను. ఒకే కిటికీ, పొగచూరి నల్లబడ్డ గోడలు. తెల్ల రంగు వేయిస్తే గది నిండా వెలుతురు, పోగులు వాటంతటవే కనిపిస్తాయి. నాయన కళ్ల సంగతి అమ్మ ఎత్తలేదు. ఎత్తితే ఏం వినాల్సి వస్తుందోనని నేనూ ఎత్తలేదు.

పక్క గల్లీలో ఉండే పెయింటర్ భాయిని పిలిచాను. ఆయన గోడను వేళ్లతో కొట్టి చూశాడు.

"లప్పం పెట్టాలె సార్. అది ఆరాలె. జల్దీ చేస్తే పెచ్చులు లేస్తది."

మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, పడుగు విప్పడానికి లేదు. అమ్మ దాని మీద పాత దుప్పట్లు కప్పింది. మొదటి రోజు గోడలు గోకాడు, రెండో రోజు గోడ గుంతలు పూడేలా లప్పం పూశాడు, మూడో రోజు రాలేదు. వాకిటికీ సందు మొగకీ మధ్య కాళ్లరిగేలా తిరిగాను. ఇటిక్యాలలో ఇంకో పని ఒప్పుకున్నాడని తెలిసి, బస్సెక్కి అక్కడికే పోయాను. నిచ్చెన మీదున్నాడు.

"ఇంకా ఆరలే సార్. మీరు బస్సుల తిరిగితే ఆరుతదా?" అన్నాడు. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నాలుగో రోజు వచ్చి సాయంత్రానికల్లా రెండు కోటింగులు వేశాడు. గది వెలిగిపోయింది. నేనే నేసినంత గర్వపడ్డాను. మరునాడు పొద్దున నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. పడుగు మధ్య నుంచి నాలుగుసార్లు నాడె విసిరి ఆగిపోయాడు.

"తెల్ల పడుగు, ఎదురుంగ తెల్ల గోడ. పోగేదో గోడేదో తెలుస్తలేదు బిడ్డా."

నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి బతికేవాణ్ని నేను. పైగా సాలెవాడి కొడుకుని. ఈ మాత్రం తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని అమ్మ అనలేదు గానీ, అన్నట్టే చూసింది.

సెలవు రెండు రోజులు పెంచి భాయిని మళ్లీ పిలుచుకొచ్చాను. ఆయన దెప్పలేదు. ఇటిక్యాలలో తలుపులకు వేయగా మిగిలిన ముదురు ఆకుపచ్చ తెచ్చి ఎదుటి గోడ ఒక్కదానికే వేశాడు. అది ఆరేదాకా నేను పదిసార్లు వేలితో తాకి చూశాను. గోడ మీద నా వేలి గుర్తులు పడ్డాయి. వాటిని ఆయన ఓపిగ్గా దిద్దాడు.

మరునాడు నాయన మళ్లీ మగ్గం ఎక్కాడు. పక్కన నిలబడి, ఆగలేక అడిగాను.

"ఇప్పుడు కనపడ్తుందా నాయినా?"

"మంచిగ కనపడ్తుంది." గోడను తేరిపార చూసి భాయితో అన్నాడు, "నీలం మంచిగ కుదిరింది బేటా."

బ్రష్షులు సర్దుతున్న భాయి చెయ్యి ఆగింది. చిలకపచ్చకీ ఆకుపచ్చకీ తేడాను దీపం వెలుతురులో చెప్పిన మనిషి మా నాయన. రంగు కలిపే ముందు ఊళ్లో వాళ్లు ఆయన్నే అడిగేవాళ్లు. నాకు భయమేసింది. ఇన్ని రోజులూ గోడల వెంట తిరిగింది ఈ మాట వినకుండా ఉండడానికేనని అప్పుడు అర్థమైంది.

"అవ్ కాకా, నీలమే" అన్నాడు భాయి మెల్లగా.

నాయన నాడె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"నువ్వెందుకు సప్పుడు చేస్తలేవు?" అన్నాడు. నా మొహం చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "పచ్చదా?"