లూప్‌లైన్ మాటలు నావి

మా హాస్టల్ పాత మిత్రులు కలిస్తే ఇప్పటికీ ఒక కథ చెప్పుకుని నవ్వుకుంటారు. మెట్టుగూడ నుంచి వచ్చిన రైల్వే కుర్రాడొకడు పాడు మాటలు తెచ్చి అందర్నీ చెడగొట్టబోయాడట. అబద్ధం. ఆ మాటల్లో సగానికి పైగా నేను పుట్టించినవి. పాడు మాటలు అసలే కావు.

అరవైల చివర్లో మేం ఎమ్మే చదివేవాళ్లం. నాది కర్నూలు వైపు. ఆ మెట్టుగూడ కుర్రాడి తండ్రి రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రెండు గదుల క్వార్టర్లో ఎనిమిదిమంది ఉండేవాళ్లు. చదువుకునే చోటు లేక అతను నా గదిలో గెస్టుగా ఉండేవాడు. తోటివాళ్లు ఊరుకుంటే హాస్టల్లో అది మామూలే.

మేమిద్దరం మగవాళ్లనే ఇష్టపడేవాళ్లం. ఆ సంగతి చెప్పుకోవడానికి మాకు దొరికిన మాటలన్నీ తిట్లే. అందుకే రైలు మాటలు తీసుకుని సొంతంగా చేసుకున్నాం. మనలాంటివాడు, మెయిన్ లైన్ నుంచి పక్కకు చీలే పట్టాలా, ‘లూప్‌లైన్’. ఎవరైనా చూపు కలిపితే ‘సిగ్నల్ పడింది’. ఆశ ఉండీ ధైర్యం లేనివాడు ‘ప్లాట్‌ఫారం టికెట్’.

కొత్త మాటకు ఒక పరీక్ష ఉండేది. తార్నాక ఇరానీ హోటల్ కిటకిటలాడుతున్నప్పుడు దాన్ని గట్టిగా అనాలి. ఎవరూ తల తిప్పకపోతే మాట పాసైనట్టు.

“సిగ్నల్ పడ్డదిరా, మూల టేబుల్,” అనేవాడు.

“నాకేం పడలేదే?”

“నీకెట్ల పడ్తది? నువ్వు పక్కా ప్లాట్‌ఫారం టికెట్‌వి!”

నవ్వాపుకోలేక టీ పొలమారేది. అక్కడ కూర్చున్నంతసేపూ నన్ను తిట్టే మాటే లోకంలో లేనట్టుండేది.

పాసైన మాటలకు ఇక భయం లేదనుకుని మెస్‌లోనూ వాడాం. అదే మా పొరపాటు. హోటల్లో జనం మారుతుంటారు, మెస్‌లో రోజూ అవే చెవులు. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయనగా, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక సీనియర్ మా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“మొగోళ్లను చూసి లూప్‌లైన్, లూప్‌లైన్ అంటరు. ఏంది భాయ్ కత?”

అందరూ తినడం ఆపారు. నేను నోరు మూసుకున్నా సరిపోయేది. “నాకేం తెలుసు? అవన్నీ ఇతని మాటలు,” అన్నాను. ఆగకుండా అర్థాలు కూడా విప్పి చెప్పాను.

అతను నా వైపు ఒకసారి చూశాడు. ఒక్క మాటతో నన్నూ బయటపెట్టగలడు. పెట్టలేదు.

“అవ్, నా మాటలే. నేను గట్లాంటోన్నే. అయితే ఏంది?”

“థూ! సిగ్గు లేదురా నీకు?”

“ఉన్నది. ఇన్నాళ్లు నీ పక్కన కూసోని తిన్నందుకు.”

గంటలో అతని పెట్టెను వరండాలో పడేశారు. దాన్ని భుజాన వేసుకుని, తల వంచకుండా వెళ్లాడు. నేను ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా మెస్‌లోనే కూర్చున్నాను. ఆ ఇరుకు క్వార్టర్లో చదువు సాగక అతను ఆ ఏడు పరీక్ష రాయలేదు. నేను రాసి పాసయ్యాను. మెట్టుగూడ ఎంతో దూరం కాదు. ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ మాటలకు నేను క్షమాపణ చెప్పను. అవి మా సొంతం, అందమైనవి. నేను చెప్పాల్సిన క్షమాపణ అతనొక్కడికే.

నిన్న ఇది నా భార్యకు చదివి వినిపించాను. “కనీసం మీ పేరు లేకుండా అచ్చువేయించొచ్చుగా?” అంది. అతని పేరు రాసే హక్కు నాకు లేదు, రాయలేదు. కింద నా సంతకం మాత్రం ఉంటుంది.