సానచక్రం బేరం

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మాకు చిల్లర కొట్టుండేది. నడక కంటే ముందు నాకు బేరం వచ్చిందని మా అమ్మ ఎగతాళి చేసేది. నాకు తెలిసిన విద్యల్లో గొప్పది, వెనక్కి తిరిగి నడవడం. ధర వినగానే పెదవి విరిచి నాలుగడుగులు వేస్తే ఎంతటి గట్టి మనిషైనా వెనక్కి పిలుస్తాడు. పదేళ్ళు నిండకుండానే అందులో ఆరితేరాననుకునేదాన్ని.

పక్కింటి అత్తకి ఆ విద్య బొత్తిగా రాదు. వంకాయలవాడు ఎంత చెబితే అంత ఇచ్చి, పైగా వాడికి మంచినీళ్ళు పోసి పంపేది. వాళ్ళాయన్ని నేను మామయ్య అనేదాన్ని. బజారులో ఒక నగల దుకాణంలో ఉంగరాలకి రాళ్ళు సానబట్టి పొదిగేవాడు. దగ్గు పట్టుకుని, పొద్దస్తమానం అక్కడ కూర్చోలేక పని మానుకున్నాడు. పనిముట్లు ఇంట్లోనే ఉంటే ఓపికున్నప్పుడు లేచి చేసుకుంటాడు, చక్రం అత్త తిప్పుతుంది. కొత్తవి కొనే తాహతు లేదు. అట్లాంటప్పుడు మాచర్లలో ఇదే పని చేసే ఒక ముసలి సాయిబు మానేశాడనీ, ఆయన సామాను ఇచ్చేస్తున్నారనీ తెలిసింది. అది దొరికితే ఆ ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు.

అత్త బయల్దేరుతుంటే నేనూ తయారయ్యాను. నేను లేకపోతే ఆమెను నిలువునా ముంచేస్తారని నా భయం. "రావే, సంచి పట్టుకోటానికన్నా పనికొస్తావు" అంది.

ఎండాకాలం. మాచర్ల ప్యాసింజరు ప్రతి స్టేషన్లోనూ ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. రాత్రుళ్ళు మామయ్య దగ్గుకి లేచి లేచి అత్త కళ్ళు లోపలికి పోయాయి. కిటికీ ఊచకి తల ఆనించి కూర్చుంది. బేరం ఎట్లా మొదలుపెట్టాలో నేను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. ఆమె ఊ కొడుతూనే ఉంది, మెలకువలోనో నిద్రలోనో.

సాయిబు తాత ఇల్లు ఒక సందు చివర ఉంది. ముందుగదిలో సగం అప్పటికే కొడుకు సైకిలు షాపు అయిపోయింది. గోడల నిండా టైర్లు, ట్యూబులు. మిగిలిన సగంలో నేలమీద సానచక్రం, దాన్ని తిప్పే కమాను, డాకలి అనే చిన్న ఇనుపదిమ్మె, పట్టకార్లు, ఊదుగొట్టం, లక్క అంటిన పుల్లలు. వాటి పక్కన మోకాళ్ళు ముడుచుకుని సాయిబు తాత. ఆయన చేతులు ఊరికే వణుకుతున్నాయి.

మమ్మల్ని చూడగానే కొడుకు చక్రం ఎత్తబోయాడు. "ఉండనీరా" అని ఆయన అడ్డం పడ్డాడు. "ఇవి అమ్మేవి కావమ్మా. అమ్మితే ఇంత" అని ఒక ధర చెప్పాడు. ఆ ధరకి పాడి గేదె వస్తుంది.

నేనిక ఆగలేకపోయాను. "తుప్పు పట్టిన ఇనుము తాతా ఇది. పాతసామాన్లవాడు కూడా ముట్టుకోడు. పద అత్తా!" అని గడప దాటాను.

"మంచిది, పోయిరా" అన్నాడాయన. గోనెపట్టా లాగి అన్నింటిమీదా కప్పేశాడు.

సందులో నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. అత్త కూడా వెంట రాలేదు. అరికాళ్ళు కాలుతుంటే, చివరికి మంచినీళ్ళ కోసం వచ్చినదానిలా మళ్ళీ నేనే లోపలికొచ్చాను. అప్పటికి కొడుకు విసుక్కుంటున్నాడు: "ఆయనట్టాగే అంటాడు, మీరు తీసుకుపోండమ్మా." అత్త తల అడ్డంగా ఊపింది. "నువ్వు షాపు చూసుకో నాయనా" అని నేలమీద చతికిలబడింది. గోనెపట్టా అంచు పైకెత్తి డాకలి బయటికి లాగింది.

"ఈ మూల అరిగిపోయిందేంది బాబాయ్? అరిగిన సామాను నాకెందుకు?"

ఆయన చురుగ్గా చూశాడు. "అరగలేదమ్మా, నేనే అరగదీశా. కోటప్పకొండ తిరునాళ్ళకి ఏటా బుట్టెడు వెండి ఉంగరాలు పట్టుకుపోయేవాణ్ణి. చంటిపిల్లల వేళ్ళకి ఉంగరం వంచాలంటే సన్నటి అంచు కావొద్దూ?"

"మరి చక్రం ఒక పక్కకి ఒరిగుందే?"

"ఒరిగింది చక్రం కాదు, నేను. కుడి మోకాలు వంగదు. దానికి తగ్గట్టు కింద చెక్క పెట్టా. మీ ఆయన మోకాళ్ళు మంచివైతే తీసెయ్."

"పట్టకారుకి ఈ మురికి గుడ్డేంది?"

"మా ఇంటామె చుట్టింది. చెయ్యి కాలిందని." ఊడిన గుడ్డ కొసని ఆయన మళ్ళీ చుట్టి బిగించాడు. అత్త తొందరపెట్టలేదు.

నాకు ప్రాణం పోతోంది. ఇన్ని వంకలు దొరికినా ఒక్కదానికీ తగ్గించమనదేం! ఆమె మోచెయ్యి గిల్లాను. నా చెయ్యి తీసి నా ఒళ్ళోనే పెట్టింది. కోడలు టీ తెచ్చింది, మళ్ళీ తెచ్చింది. ఎండ గడప దాటిపోయింది. అత్త వంక పెట్టడం, ఆయన కోప్పడి సంగతి చెప్పడం, ఊదుగొట్టం దాకా అట్లాగే నడిచింది. చివరికి గొంతు బొంగురుపోయి, "నీకు బేరం రాదమ్మా" అని నవ్వాడు. ఈసారి మనుషులు చెప్పే ధర చెప్పాడు.

"కాస్త తగ్గించు బాబాయ్."

తగ్గించాడు. అత్త కొంగుముడి విప్పి ఒక నోటు ఆయన చేతిలో పెట్టి, "మిగతాది మీ అబ్బాయికిస్తా" అంది. ఆయన నోటు కళ్ళకద్దుకుని, చక్రాన్ని తానే గోనెలోకి దించాడు. ఆ చేతులతో అది చానాసేపు పట్టింది. కొడుకు సాయం రాబోతే మోచేత్తో నెట్టేశాడు.

కొడుకు మూట సైకిలు మీద స్టేషనుకి తెచ్చి, రైలెక్కించి వెళ్ళిపోయాడు. మిగతా డబ్బు అత్త ఇచ్చిందీ లేదు, అతను పుచ్చుకున్నదీ లేదు. రైలు కదిలాక అడిగాను.

"పోయిన వారమే ఆ అబ్బాయి మనూరొచ్చి డబ్బంతా తీసుకుపోయాడే" అంది అత్త.

"మరి ఆ నోటు? అదనంగా ఇచ్చావా? పొద్దుటి నుంచీ ఆ బేరమేంది?"

"కొడుకు అమ్మాడు. ఆయన అమ్మొద్దూ?" అని కళ్ళు మూసుకుంది.

ఆ చక్రం మీద మామయ్య ఎక్కువ కాలం పని చెయ్యలేదు. దగ్గు చెయ్యనివ్వలేదు. ఆయన తర్వాత అత్తే రాళ్ళు సానబట్టి పిల్లల్ని పెంచింది. వంకాయల దగ్గర మాత్రం అప్పుడూ మోసపోతూనే ఉంది.

నేను ఇప్పటికీ బేరగత్తెనే. కూరల బజారులో నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళున్నారు. కానీ ఏళ్ళ తరబడి వాడుకున్న మనిషి దగ్గరే ఏదైనా పనిముట్టు కొనాల్సొస్తే నడుం నొప్పి పెట్టినా కూర్చుంటాను. పోయినేడు చూపు మందగించిన ఒక దర్జీ దగ్గర మా కోడలికి కుట్టుమిషను కొన్నాను. తొక్కుడుబల్ల ఒకవైపే ఎందుకరిగిందని అడిగాను. దీపాలు పెట్టేవేళ దాకా చెప్పాడు. అలిసిపోయాడు, నేనూ అలిసిపోయాను. అంతా విన్నాక కాస్త తగ్గించమన్నాను. అడక్కపోతే ఆయన అమ్మినట్టు ఎట్లా అవుతుంది?