పక్కింటి గేటు ముందు ఆకు

ఉగాది పొద్దున హౌగాంగ్‌లో మా చెల్లెలి ఫ్లాట్ తలుపు తీసేసరికి, పక్కింటి గేటు ముందు నేలమీద అరిటాకు. అందులో అన్నం, కూరలు, పూలు. పక్కన అగరొత్తి పొగ. ఎవరో దిష్టి తీసి పెట్టారనుకున్నాను. విమానం ఎక్కి పరాయి దేశం వచ్చినా ఆ భయం నన్ను వదల్లేదు! పిట్టగోడకు రాసుకుంటూ, ఆకు కాలికి తగలకుండా దాటాను.

తల తిప్పితే గేటు లోపల ఒక అమ్మాయి, చేతిలో మూతపెట్టిన గిన్నె. నన్ను చూసి మెల్లగా లోపలికి తిరిగింది.

"ఏమిటమ్మా ఇది?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఇవాళ మా న్యూ ఇయర్, అంకుల్. మాది మణిపూర్, మేం మైతేయిలం. వాకిట్లో దేవుళ్లకు పెట్టాం. ఈరోజు మగవాళ్లే వండుతారు, అంతా మా ఆయన చేశాడు. పక్కింటికి పంపడం మా ఆచారం. ఇది మీకే తెచ్చాను. కానీ మీరు భయపడ్డారు కదా, తినరేమోనని..."

నాకు తల కొట్టేసినట్టయింది. గిన్నె అడిగి తీసుకుని, అక్కడే నిలబడి తిన్నాను. బఠాణీల కూర. కారం నషాళానికి అంటింది.

"సారీ, అంకుల్. స్పైసీగా ఉందా?"

"బాగుందమ్మా," అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా ఇంటా వంటా లేదు. లోపలికెళ్లి అందులో ఉగాది పచ్చడి పోసి తెచ్చాను. "ఇవాళ మాకూ న్యూ ఇయరే."

ఆమె వెంటనే నోట్లో పెట్టుకోలేదు. నేను పక్కకు ఒదిగి దాటిన ఆ ఆకు ముందు కూర్చుని, తొలి చెంచా అందులో వడ్డించింది.