మూత తీయని తీర్థం

మా మరిది పోయాడన్న కబురు బొంబాయి నుంచి రైల్వే లోకో షెడ్ ఫోనుకు వచ్చింది. షెడ్‌లో పనిచేసే ఒకాయన సైకిల్ మీద మా క్వార్టర్‌కు వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. అప్పుడు నేను దీపానికి వత్తి వేస్తున్నాను. తర్వాత ఆ దీపం వెలిగించానో లేదో గుర్తు లేదు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామందికి అతను రైలు డ్రైవర్‌గా తెలుసు. కూర్చుని టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. కూర్చోమంటే, "కూకుంటే కాళ్ళు తుప్పట్టీస్తాయి వొదినా" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. పండగలప్పుడు పిల్లలున్న డ్రైవర్ల డ్యూటీలు అడిగి మరీ తీసుకునేవాడు.

నిరుడు అతని మెడ పక్కన గడ్డ లేచింది. లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. రక్తంలో ఎయిడ్స్ క్రిమి కూడా ఉందన్నారు. అది ఎలా వచ్చిందని ఊళ్ళోని దయాల్‌బంద్ పేట నుంచి కూడా మనుషులు వచ్చి మెల్లగా అడిగి వెళ్ళారు. నేను మాత్రం అతన్ని అడగలేదు. అతని కంచం మా కంచాలతోనే కడిగాను.

బొంబాయి ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో ఓపికగా చెప్పింది. "మామూలు మోతాదు ఇస్తే మీ ఒళ్ళు తట్టుకోకపోవచ్చు. తగ్గిస్తే గడ్డ లొంగకపోవచ్చు. అందుకే కొన్ని మందులు కొత్తగా కలిపి ఇచ్చి చూస్తున్నాం. నయమవుతుందని మాట ఇవ్వలేను. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయవచ్చు."

"అచ్ఛా," అని నావైపు తిరిగాడు. "కొత్త లైను మీద ముందు ఖాళీ ఇంజను నడిపి సూస్తారొదినా. ఆ ఇంజను నానన్నమాట."

"నీ ఒంటి మీద ఈ పరీక్షలేటి బాబూ?" అన్నాను.

"ఎనకాల బళ్ళు రావాల గదా," అని సంతకం పెట్టేశాడు.

మా అత్తగారు సత్యనారాయణ వ్రతం చేయించి చిన్న సీసాలో తీర్థం పంపారు. అది లోపలికి వెళితే తప్ప మందులు పనిచేయవని ఆవిడ నమ్మకం. ఆ మందుల మీద ఉన్నప్పుడు కాచని నీళ్ళు తాగకూడదంది డాక్టరమ్మ. అతను సీసా కళ్ళకద్దుకుని తలగడ పక్కన పెట్టుకున్నాడు.

"ఇంకా లైన్ క్లియర్ రాలేదు. వచ్చినాక తాగుతానని అమ్మకి సెప్పీ," అన్నాడు. ముందు స్టేషన్ నుంచి లైన్ క్లియర్ అనే అనుమతి అందకుండా బండి కదలదు మరి.

నేను ఇంటికి రాగానే అత్తగారు, "తాగీసేడేటే?" అని అడిగారు. అతని మాటే చెప్పాను.

"కడుపులో ఉన్నప్పుడే నిలకడ లేదు ఈడికి. ఇప్పుడు కుదురొచ్చీసిందేటి?" అన్నారు.

గడ్డ కరిగింది. చొక్కా మెడ గుండీ పెట్టుకోగలుగుతున్నానని సంబరపడ్డాడు. తర్వాత రక్తకణాలు తగ్గిపోయి జ్వరం పట్టుకుంది. అత్తగారు ఇంటికి తెచ్చేయమన్నారు. నేను మళ్ళీ బొంబాయి వెళ్ళి ఆ మాట చెబితే అతను మొదటిసారి నా మీద విసుక్కున్నాడు.

"మద్దిలో బండి ఒగ్గీసి దిగిపొమ్మంటావేటి?"

చివరిదాకా వెళ్ళాలని అంత పట్టుదల. కానీ జ్వరం తగ్గేదాకా మందు ఆపక తప్పదంది డాక్టరమ్మ.

"పూర్తి చెయ్యకపోతే నాది లెక్కలోకి రాదా?" అని అతను ఆమెను హిందీలో అడిగాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది. "వస్తుంది. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెలిస్తేనే మీ వెనకాల వచ్చేవాళ్ళకు సరిగ్గా ఇవ్వగలం."

"బండి ఆగిన చోటు మేమూ రాస్తాం," అన్నాడు. ఆ మధ్యాహ్నం దుప్పటి కింద అతని కాళ్ళు కదలకుండా ఉండటం చూశాను.

చివరి విడత మందు మిగిలిపోయింది. నేను వచ్చేశాక అతని దగ్గర ఉండి, అంత్యక్రియలు కూడా అక్కడే జరిపించిన మా వారు అతని బట్టలతోపాటు సీసా తెచ్చారు. బిగించిన మూత బిగించినట్టే ఉంది. అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మూత తీయలేదు, పారబోయనివ్వలేదు. దేవుడి అరలో పెట్టారు.

మా క్వార్టర్ పట్టాల పక్కనే. బొంబాయి వైపు బండి వెళ్ళినప్పుడల్లా ఆ సీసాలో నీళ్ళు వణుకుతాయి. అత్తగారు లేచి వెళ్ళి, నీళ్ళు నిలిచేదాకా సీసాను అరచేత్తో పట్టుకుంటారు.